మిరపపండు రంగు చీర

మొదట నెమలికంఠం రంగుది పోయింది. చిరగలేదు, మరక పడలేదు, ఊరికే వెలిసిపోయింది. తొలకరికి కళ్ళు చెదిరేలా ఉన్న చీర దసరా నాటికి మజ్జిగలో నీలిమందు చుక్క పడ్డట్టు అయిపోయింది. దండెం మీద దాన్ని చూసిన రోజు నాకు కడుపులో చేయి పెట్టి దేవినట్టయింది. ఎందుకంటే అది నాన్న తెచ్చిన చీర.

తిరువూరు దగ్గర మాకు కాస్త మామిడి తోట ఉంది. ఏటా కాయ కోసి నాన్న నున్న మార్కెట్టుకు తోలేవాడు. లెక్క తేలి డబ్బు చేతికందిన రోజు నేరుగా తిరువూరు బస్సు ఎక్కేవాడు కాదు. బెజవాడ వన్‌టౌన్లోని వస్త్రలతకు వెళ్ళి అమ్మకొక చీర కొని, దాన్ని చంకలో పెట్టుకుని రాత్రికి ఇల్లు చేరేవాడు. కాయకు ధర పలికిన ఏడు మంచి మంగళగిరి, పలకని ఏడు మామూలు నూలు చీర. చీర లేకుండా మాత్రం ఏ ఏడూ రాలేదు. అన్నీ ముదురు రంగులే. లేత రంగులంటే ఆయనకు గిట్టదు. "తోటలో ఏ చెట్టు కింద ఉన్నావో కనపడొద్దూ?" అనేవాడు అమ్మతో.

ఆఖరి కాపుకు తెచ్చింది మిరపపండు రంగు మంగళగిరి. కళ్ళంలో ఆరబోసిన కాయ మధ్యాహ్నం ఎండలో ఎలా ఉంటుందో అచ్చం ఆ ఎరుపు. సన్నటి జరీతో నిజాం అంచు. అమ్మ దాన్ని ఒకే ఒక్కసారి, శ్రావణ శుక్రవారం పూజకు కట్టుకుంది. ఆ కార్తీకంలో నాన్న పోయాడు.

అమ్మను నా దగ్గరకు తెచ్చేసుకున్నాను. తర్వాతి వైశాఖంలో గంపలగూడెంలో పెదనాన్న మనవరాలి పెళ్ళి. అమ్మ ఆ ఎర్ర చీర తీసి మంచం మీద పెట్టుకుంది. ఎండలు మండిపోతున్నాయి, ముదురు రంగు ఒంటిని ఉడికించేస్తుందని నేనే గంధం రంగు చీర తీసి చేతికిచ్చాను. అది కట్టుకుని వచ్చింది. మిరపపండు చీర మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయింది. ఆ వానాకాలంలోనే ఈ వెలవడం మొదలైంది.

నాన్న తెచ్చినవి లెక్కపెట్టుకుంటే కట్టే స్థితిలో ఉన్నవి పదకొండు చీరలు. ఇంకొకటి రావడమంటూ ఉండదు. ఉన్నవాటిని కాపాడుకోవడం తప్ప చేయగలిగింది లేదు. అందుకని నేను సబ్బుల మీద పడ్డాను.

అమ్మ చీరలు మెషీన్లో వేయనివ్వదు. నేను బడికి వెళ్ళాక తనే బకెట్లో నానబెట్టి చేత్తో ఉతుక్కుంటుంది. ఏ పొడి వాడుతున్నావంటే "సర్ఫే" అంటుంది. ఆమెకు ఏ పొడైనా సర్ఫే. ఆ తరం ఆడవాళ్ళందరికీ అంతే. హిందుస్థాన్ లీవర్ ఆ పేరుతో పొడి అమ్మడం మొదలుపెట్టింది 1959లో. పదేళ్ళకు, 1969లో, అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో కలిపి సైకిలు మీద తిరిగి చవగ్గా అమ్మిన నిర్మా వచ్చింది. అలా చవకయ్యాకే పొడి మా లాంటి ఊళ్ళకూ వచ్చి, కుంకుడుకాయనూ చాకిరేవు చవుడునూ పక్కకు నెట్టింది. చవుడు కూడా క్షారమే కాబట్టి పాత రోజుల్లో బట్ట వెలిసేది కాదని నేననను. అయితే అప్పుడు రేవులో ఏ బట్టను ఉడకేయాలో, దేన్ని వట్టి నీళ్ళలో జాడించి తీసేయాలో చేయి తిరిగిన మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ తెలివి పాకెట్టు వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.

భూతద్దం పెట్టుకుని అదీ చదివాను. పొడిలో జిడ్డును విడదీసే పదార్థంతో పాటు సోడా ఉంటుంది. కొన్నింటిలో మరకల కోసం ఆక్సిజన్ వదిలే బ్లీచు ఉంటుంది. చాలావాటిలో తెల్లదనం కోసం కలిపే ఇంకో పదార్థం ఉంటుంది. అది మురికి తీయదు. కంటికి కనపడని అతినీల కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా తిప్పి వదులుతుంది. మన నీలిమందు చేసే పనినే వేరే దారిలో చేస్తుందన్నమాట. తెల్ల పంచెకు అది అందమే. గంధం రంగుకో మీగడ రంగుకో పడితే మాత్రం ఆ రంగు రంగుగా ఉండదు.

రంగు బట్టకు ఏది మంచిదో తేల్చుకోవడానికి నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుందని వంటింట్లో మసలిన వాళ్ళందరికీ తెలుసు. క్షారం తగిలితే పసుపు అలా రంగు మారుతుంది. ఒక ఆదివారం వంటగట్టు మీద అయిదు గాజు గ్లాసులు వరసగా పెట్టి అన్నింట్లో పలచగా పసుపు నీళ్ళు పోశాను. బోసుబొమ్మ సెంటర్లో కొన్నవీ, పక్కింట్లో అడిగి తెచ్చినవీ ఒక్కో చెంచా వేశాను. మేం వాడే పొడి పడగానే గ్లాసు అడుగు నుంచి పొగ లేచినట్టు ఎరుపు లేచి, చూస్తుండగానే గ్లాసంతా పారాణి నీళ్ళయింది. బట్టల సబ్బు తురుమూ అంతే. ఇంకో రకం పొడి ఇటుక రంగుకొచ్చింది. ఒక ద్రవం నారింజ రంగు దగ్గర ఆగింది. పట్టుకూ ఉన్నికీ అని రాసి ఉన్న ఒక ద్రవం, నీలం సీసాలోది, వేసి కలిపి పావుగంట చూశాను. పసుపు పసుపుగానే ఉంది. దాని మీద బ్లీచు లేదని కూడా రాసి ఉంది. ధర పొడికి మూడింతలు. అయినా రెండు సీసాలు తెచ్చాను.

"ఇక నీ చీరలు దీంట్లోనే ఉతకాలి" అన్నాను అమ్మతో. అమ్మ సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదైతే అసలు రంగు పోదంటావా?" అంది.

"పోదు."

"ఊఁ" అంది.

మూడు నెలలు తిరిగేసరికి వంకాయ రంగు చీర వెలిసింది.

అప్పుడు నీళ్ళ మీద పడ్డాను. మా బోరు నీళ్ళు ఉప్పన. కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి బట్ట మీద బూడిదలా పేరుకుంటుందని, రంగు చచ్చినట్టు కనపడుతుందని చదివి, నిమ్మరసం పిండిన నీళ్ళలో వంకాయ చీర కొంగు ముంచి చూశాను. పొర అయితే వదలాలి, కింది రంగు తేలాలి. ఏమీ తేలలేదు. ఎండేమోనని దండెం మార్చాను. వేపచెట్టు నీడలోకి జరిపి, చీర తిరగేసి ఆరేయమన్నాను. అమ్మ నేనేది చెబితే అది చేస్తానంది. రాతి ఉప్పు వేసి నానబెట్టమని ఇరుగమ్మ, వెనిగర్ అని పొరుగమ్మ. కొత్త చీరలో అదనంగా మిగిలిన రంగు మొదటి రెండు మూడు ఉతుకుల్లో దిగుతుంది, అప్పుడు విడిగా ఉతుక్కోవాలి, అంతవరకు నిజం. ఏళ్ళు కట్టిన చీరను ఉప్పు ఏం కాపాడుతుంది?

వేసవి సెలవుల్లో బందరు వెళ్ళాల్సిన పని పడితే పెడన దాకా వెళ్ళాను, చేతిలో వంకాయ రంగు చీర పట్టుకుని. రంగు సంగతి అడగాలంటే అంతకన్నా తగిన ఊరు నాకు తోచలేదు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో కాలు పెట్టింది ఈ తీరపు బట్ట కోసమే. ఉతికినా రంగు పోని అద్దకం నూలు బట్ట అప్పట్లో యూరపు చేతిలో లేదు. కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి బట్టను నానబెట్టడం, పటికతో అచ్చు వేయడం, చిరివేరుతో ఉడకబెట్టడం, పారే నీళ్ళలో జాడించి ఎండలో పరచడం, ఇదీ ఇక్కడి విద్య. పటిక నూలుపోగునూ ఎర్ర రంగునూ కలిపి ముడేస్తుంది. ఆ ముడి ఉతుక్కి విడదు. మన బట్ట దెబ్బకు తమ నేతగాళ్ళు దివాలా తీస్తున్నారని 1686లో ఫ్రాన్సు అద్దకం బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1721 చట్టంతో అలాంటివి ఒంటి మీద కట్టుకోవడమే నేరం చేసింది. రంగు నిలబడినందుకు చట్టం చేయించుకున్న బట్ట మనది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పెడనలో అద్దకం బల్ల ముందు నిలబడ్డ ఒక పెద్దాయన నా చీర తీసుకుని, ముందు కొంగు చూడలేదు. లోపలి చెంగు చూశాడు, నడుంలో దోపుకునే కొస. తర్వాత కుచ్చిళ్ళ మడత విప్పి చూశాడు.

"ఉతికేటప్పుడు నీళ్ళలోకి రంగు దిగుతోందా అమ్మా?"

దిగడం లేదని చెప్పాను. ఒకటి రెండు సెలవు రోజుల్లో కావాలని దగ్గర నిలబడి చూశాను. జాడించిన నీళ్ళు తేటగానే పోయాయి.

"దిగితే నీళ్ళలో కనపడాలి గదా" అన్నాడు. "నీళ్ళు తేటగా ఉండి బట్ట వెలిసిందంటే రంగు బయటికి రాలేదు. బట్టలోనే చచ్చిపోయింది. ఎండైతే పైకి కనపడే చోటే చంపుతుంది. ఇది లోపలి చెంగు కూడా ఒకేలాగ ఉంది చూడండి." అచ్చు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, "ఇంట్లో ఎవరు ఉతుకుతారు?" అన్నాడు.

"మా అమ్మ."

ఆయన ఇంకేమీ అనలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు. ఊరి నీళ్ళ ట్యాంకులో కలిపే మందు ఎక్కువైందేమో అనుకుంటూ బస్సెక్కాను. అమ్మ చేతుల దగ్గర ఈ మధ్య ఆ వాసన వస్తోంది మరి.

భాద్రపదం వచ్చింది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి దండెం మీద మిరపపండు చీర ఉంది.

దగ్గరికి వెళ్ళడానికి భయమేసింది. బీరువాలోంచి దాని జాకెట్టు ముక్క తెచ్చాను. అమ్మ అది కుట్టించుకోలేదు, కత్తిరించిన మడత మడతగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ముక్క మిరపపండు. చీర ఇంకా ఎర్రగానే ఉంది గానీ, ఇటుక మీద దుమ్ము పడ్డట్టు ఒక పొర తగ్గింది. అంచు జరీ ఒకచోట నల్లబారింది. ఆ నలుపు మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. అమ్మ వంటింట్లోంచి, "కాఫీ చల్లారిపోతోందే" అని రెండుసార్లు పిలిచింది.

మర్నాడు చీరను మా వీధి చివర ఇస్త్రీ బండికి పట్టుకెళ్ళాను. ఆ బండి పెద్దాయన చిన్నతనమంతా కట్టలేటి రేవులో గడిచింది. బట్ట చూసి ఇంటి సంగతి చెప్పగలడు. కొంచెం నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. ఆయన పెట్టె పైకెత్తి ఆగిపోయాడు. నాకూ తగిలింది ఆ వాసన.

"బ్లీచింగు" అన్నాడు. "నీళ్ళ తొట్టెల్లో వేస్తారే, అది. తెలిసి వేసిన చేయమ్మా ఇది. తెలియకుండా చల్లితే మచ్చలు మచ్చలుగా తింటుంది."

"మా ఇంట్లో ఎవరు వేస్తారు తాతా?"

"ఇంట్లోనే అడగండి" అని, చీర చాలా నెమ్మదిగా మడత పెట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

అడగలేకపోయాను. నాలుగు రోజులు నోటిదాకా వచ్చింది, వెనక్కి పోయింది. ఆదివారం తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, పెరట్లో బకెట్ చప్పుడుకు మెలకువ వచ్చింది.

అమ్మ చప్టా మీద పీట వేసుకుని కూర్చుంది. ముందు రెండు బకెట్లు. ఒకదాంట్లో కలిపిన బ్లీచింగ్ పొడి అడుక్కి దిగి ఉంది. పైన తేరిన నీళ్ళను చెంబుతో తీసి, పాత పంచె గుడ్డలోంచి రెండో బకెట్లోకి వడగడుతోంది. పసిపిల్లకు పాలు వడగట్టినంత జాగ్రత్తగా, ఒక్క పలుకు కూడా జారనివ్వకుండా. వడగట్టడం అయ్యాక చీర అందులో ముంచి, కర్రతో నెమ్మదిగా తిప్పుతూ పెదాల మీద లెక్కపెట్టుకుంటోంది.

"అమ్మా."

ఉలిక్కిపడలేదు. లెక్క పూర్తయ్యేదాకా తిప్పి, అప్పుడు తలెత్తింది.

"నువ్వు తెచ్చిన ఆ సీసాది మంచిదేనమ్మా" అంది. "మునుపు సోడా వేసి ఎండలో పడేస్తే సరిపోయేది. దాంట్లో ఎంత ఉతికినా రంగు కదలట్లేదు. అందుకని ఇది కలపాల్సి వచ్చింది."

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "నాన్న తెచ్చిన చీరలమ్మా అవి!"

"అందుకేగా. ఎవరికీ ఇచ్చెయ్యలేను. బీరువాలో పెట్టి తాళం వేసుకోనూలేను. కట్టుకోవాలని ఉంటుంది నాకు."

"కట్టుకో! ఎవరొద్దన్నారు? పదో రోజున నీ బొట్టు తీయనిచ్చానా? గాజులు ముట్టుకోనిచ్చానా? ఇంటినిండా మనుషులుంటే ఒక్కదాన్నే అందరితో పోట్లాడాను కదమ్మా. ఎవరు ఏమన్నారో చెప్పు. ఇప్పుడే వెళ్ళి అడుగుతాను."

అమ్మ చీర బయటికి తీసి కుళాయి కింద పట్టింది.

"గంపలగూడెం పెళ్ళప్పుడు" అంది.

"ఎవరు, పెద్దమ్మా?"

"అబ్బే, ఆవిడెందుకంటుంది?" అమ్మ చీర అంచును వేళ్ళ మధ్య పట్టుకుని జాడిస్తోంది. "ఎండలన్నావు నువ్వు. గంధం రంగుది తీసి చేతికిచ్చావు. సరేననుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి, అక్కడాగి వెనక్కి తిరిగి, 'నలుగురూ వస్తారు కదమ్మా' అన్నావు."

కుళాయి పారుతోంది. చీరలోంచి జారే నీళ్ళు తేటగా తూము వైపు పోతున్నాయి.

అమ్మ లేచి నిలబడి, కొంగు రెండు చేతులా పట్టుకుని తూర్పున తేలుతున్న వెలుతురుకు ఎత్తి, అటు నుంచి ఇటు చూసింది.

"ఇంకో రెండు ఉతుకులు పడితే చాలు" అంది. "దసరాకి కట్టుకుంటాను."